ఆరోగ్య కరపత్రంలో ‘స్త్రీలు’ అని రాయాలా, ‘గర్భాశయ ముఖద్వారం ఉన్నవారు’ అని రాయాలా?

అక్షరమాల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సర్వైకల్ క్యాన్సర్ (గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్) ముందస్తు పరీక్షల గురించి నాలుగు పేజీల కరపత్రం రాసే పనిని మా చిన్న బృందం నాకు అప్పగించింది. మూడు వారాలుగా నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. మొదట రాసింది ఇది: ‘30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ ఈ పరీక్ష చేయించుకోవాలి.’ అది చదివిన మా సభ్యుడొకరు, ఆడపిల్లగా పుట్టి పురుషుడిగా బతుకుతున్నవారికి కూడా గర్భాశయ ముఖద్వారం ఉంటుందనీ, వారికీ ఈ క్యాన్సర్ వస్తుందనీ, ఈ వాక్యం వారిని గుమ్మం బయటే నిలబెడుతోందనీ అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకని ‘గర్భాశయ ముఖద్వారం ఉన్న ప్రతి వ్యక్తీ’ అని మార్చి, ఆ ప్రతిని మా పెద్దమ్మ చేతికిచ్చి చదవమన్నాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఆ మాటను కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివి, ‘ఇది నాకుందా అమ్మా? ఉంటే జబ్బున్నట్టా?’ అని అడిగారు.

ఆ ప్రశ్న తర్వాత నాకు కలం సాగలేదు. పెద్దమ్మ వయసు 50 దాటింది, ఇంతవరకు ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించుకోలేదు. అసలు కరపత్రం రాస్తున్నదే ఆవిడలాంటి వారి కోసం.

ఈ వాదం వేరే దేశాల్లో ఎంత దూరం వెళ్లిందో కొంత చదివాను. 2021 సెప్టెంబరులో లాన్సెట్ వైద్యపత్రిక, స్త్రీల ఆరోగ్య చరిత్ర ఎంతటి నిర్లక్ష్యానికి గురైందో చెప్పే వ్యాసంలోని ఒక వాక్యాన్ని ముఖచిత్రం మీద అచ్చువేసింది. ఆ వాక్యంలో స్త్రీల స్థానంలో ‘యోనులు ఉన్న శరీరాలు’ అన్న మాట ఉంది. తమను మనుషులుగా కాక అవయవాలుగా చూశారని ఎందరో స్త్రీలు, వైద్యులు బాధపడ్డారు, సంపాదకుడు క్షమాపణ చెప్పారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రైటన్ ఆస్పత్రుల ట్రస్టు ప్రసూతి సేవల్లో వాడవలసిన భాష గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. ‘తల్లి’ అన్న మాటనే నిషేధించారని పత్రికల్లో గగ్గోలు పుట్టింది గానీ, ఆ పత్రంలో ఉన్నది వేరు. ‘స్త్రీ’ అన్న మాట ఉంటుందనీ, అవసరమైన చోట దాని పక్కన మరో మాట చేరుతుందనీ మాత్రమే అందులో రాశారు. ఈ రెండింటిలో దేని దారి నాది కావాలో తెలిసినట్టే ఉంది, కానీ తెలుగులో ఆ వాక్యం ఎలా నిలబడుతుందో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?


పాతనర్సు:

అమ్మా, మీ పెద్దమ్మగారి ప్రశ్నను పక్కన పెట్టకండి. నేను చాలా ఏళ్లు ప్రసూతి విభాగంలోను, ఆ తర్వాత క్యాన్సర్ పరీక్షల శిబిరాల్లోను పనిచేశాను, అదే ప్రశ్నను ఎన్నో గొంతుల్లో విన్నాను. చదువుకున్నవారు, ఉద్యోగాలు చేసేవారు కూడా గర్భాశయానికీ దాని ముఖద్వారానికీ తేడా చెప్పలేరు. నా దగ్గర ఎప్పుడూ ఒక పెన్ను, వెనకవైపు ఖాళీగా ఉన్న చీటీలు కొన్ని ఉండేవి. తలకిందులుగా పట్టుకున్న కూజాను గీసి, ‘ఇది గర్భసంచి, కిందికి సన్నగా దిగిన ఈ మెడ దగ్గర మేం పరీక్ష చేస్తాం’ అని చూపించేదాన్ని. సర్విక్స్ అన్న లాటిన్ మాటకు అర్థం కూడా మెడ అనే. ఆ చీటీని మడిచి చీర కొంగున ముడివేసుకుని, ఇంటికి వెళ్లి కోడలికి చూపించిన అత్తగారు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. మనిషిని అవయవం పేరుతో పిలవాలంటే ఆ అవయవం పేరు ముందు ఆ మనిషికి తెలిసి ఉండాలి. అది తెలియనివారికే ఈ పరీక్ష అందడం లేదు. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 6,60,000 మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, 3,50,000 మంది దాకా చనిపోయారు. ఆ మరణాల్లో నూటికి 94 పేద, మధ్యాదాయ దేశాల్లోనివే. హెచ్‌పీవీ వైరస్ వల్ల, ఏళ్లకు ఏళ్లు మెల్లగా పెరిగే ఈ జబ్బును ముందే పట్టుకోవచ్చని తెలిసీ ఇంతమందిని పోగొట్టుకుంటున్నాం.

అవయవం పేరుతో పిలవడంలో ఇంకో చిక్కు ఉంది. దాని గురించి వాదించేవారు ఎందుకో తక్కువగా మాట్లాడతారు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల సంగతి చూడండి. కొన్ని శస్త్రచికిత్సల్లో గర్భసంచి పైభాగాన్ని మాత్రమే తీసి ముఖద్వారాన్ని అలాగే ఉంచుతారు. అలాంటివారికి పరీక్ష అవసరం. కొన్నింటిలో ముఖద్వారంతో సహా తీసేస్తారు. క్యాన్సర్ గానీ, క్యాన్సర్‌గా మారే మార్పులు గానీ లేకుండా వేరే కారణంతో అలా తీసి ఉంటే, సాధారణంగా ఈ పరీక్ష అక్కర్లేదు. ఇప్పుడు ‘గర్భాశయం ఉన్నవారు రండి’ అని మీరు రాశారనుకోండి. మొదటి రకం స్త్రీ ‘నాది తీసేశారు కదా’ అనుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. ‘స్త్రీలు రండి’ అంటే ఆవిడ వస్తుంది, వచ్చాక మేం కాగితాలు చూసి చెబుతాం. అందరినీ కలుపుకుందామని ఎంచుకున్న మాట రావలసిన మనిషినే వెనక్కి పంపితే ఎలాగమ్మా?

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ‘స్త్రీ’ అన్న పదం వైద్యంలోకి ఊరికే రాలేదు. అమెరికాలో 1977లో మందుల నియంత్రణ సంస్థ, బిడ్డల్ని కనే వయసులో ఉన్న స్త్రీలను మందుల తొలిదశ ప్రయోగాలకు దూరంగా ఉంచమని సలహా ఇచ్చింది, 1993లో గానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ప్రభుత్వ నిధులతో జరిగే ప్రయోగాల్లో స్త్రీలు ఉండి తీరాలన్న చట్టం వచ్చింది కూడా ఆ 1993లోనే. అన్నేళ్లు పురుషుల శరీరాన్నే కొలతగా పెట్టుకుని మందులిచ్చారు. అంత పోరాటంతో కాగితం మీదికి ఎక్కిన మాటను తీసేస్తామంటే నాలాంటి వారి మనసు కలుక్కుమంటుంది. దీన్ని ద్వేషం అనుకోవద్దని కోరుతున్నాను.


నీలిరంగు:

పాతనర్సు గారు, మీ మాటలో నాకు ద్వేషం కనిపించలేదు. గర్భసంచి తీయించుకున్నవారి సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. నేను ట్రాన్స్ పురుషుడిని. అక్షరమాల గారి బృందంలోని ఆ సభ్యుడు ఎవరి గురించి మాట్లాడారో ఆ కొద్దిమందిలో ఒకడిని కాబట్టి నా వైపు సంగతి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఈ పరీక్ష కోసమే ఒక ఆస్పత్రికి వెళ్లాను. గడ్డం ఉంది, చొక్కా ప్యాంటు వేసుకున్నాను, కాగితం మీద మాత్రం నా పాత పేరు ఉంది. గదినిండా స్త్రీలు. కౌంటరు దగ్గరున్న ఆవిడ ఆ పేరును గట్టిగా మూడుసార్లు పిలిచారు. నేను లేచి వెళితే, ‘మీ భార్య ఎక్కడ, ఆమెను రమ్మనండి’ అన్నారు. ఆమె నన్ను అవమానించాలని అనలేదు, ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. కానీ అరవై కళ్లు నా వైపు తిరిగాయి, నోట మాట రాలేదు, ‘తీసుకొస్తానండి’ అని చెప్పి బయటికి వచ్చేశాను. మళ్లీ నాలుగేళ్ల దాకా ఆ పరీక్ష ఊసు ఎత్తలేదు.

నేను వెనక్కి వచ్చింది కరపత్రంలో ‘స్త్రీలు’ అని ఉన్నందుకు కాదు. ఆ కరపత్రంలో గానీ, ఆ కౌంటరులో గానీ, ఆ రిజిస్టరులో గానీ నాలాంటివాడు రావచ్చన్న ఆలోచన ఎక్కడా లేనందుకు వచ్చేశాను. ‘స్త్రీ’ అన్న మాట తీసేసి, మిగిలినదంతా అలాగే ఉంచితే నాకు ఒరిగేది ఏమీ లేదు. ఇంగ్లండులో వైద్యుడి దగ్గర పురుషుడిగా నమోదైన ట్రాన్స్ పురుషులకు ఈ పరీక్షకు రమ్మనే ఉత్తరం దానంతట అది రాదు, వాళ్లే గుర్తుపెట్టుకుని అడగాలి. కరపత్రం ఎంత కలుపుగోలుగా రాసినా, ఉత్తరాలు పంపే కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు.

దీని తీవ్రత ఎంతటిదో 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ వైద్యపత్రికలో వచ్చిన ఒక కేసు చెబుతుంది. కడుపునొప్పితో అత్యవసర విభాగానికి వచ్చిన 32 ఏళ్ల పురుషుడాయన. తాను ట్రాన్స్ అని చెప్పారు, ఇంట్లో చేసుకున్న గర్భనిర్ధారణ పరీక్షలో గర్భం ఉన్నట్టు తేలిందని కూడా చెప్పారు. రికార్డులో ‘పురుషుడు’ అని ఉంది, రక్తపోటు మందులు ఆపేసిన లావుపాటి మనిషిగా చూసి, అంత అత్యవసరం కాదని పక్కన కూర్చోబెట్టారు. గర్భం సంగతి గట్టిగా పట్టించుకునేసరికి కొన్ని గంటలు గడిచిపోయాయి. బిడ్డ దక్కలేదు. అదే లక్షణాలతో ఒక స్త్రీ వచ్చి ఉంటే అందరూ పరుగెత్తేవారు. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మీ పెద్దమ్మగారికి అర్థమయ్యే వాక్యమే మొదట పెట్టండి. దాని కింద నాకోసం ఒక్క వాక్యం రాయండి, చాలు. అందులో పని జరిగే సమాచారం ఉండాలి. టెస్టోస్టెరాన్ (పురుష హార్మోను) వాడేవారిలో పాప్ స్మియర్, అంటే ముఖద్వారం దగ్గరి కణాలను తీసి చూసే పరీక్షకు, నమూనా సరిపోక మళ్లీ తీయాల్సి రావడం ఎక్కువ, ఆ సంగతి ముందే చెబితే మనిషి బెదిరిపోడు. హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను ఎవరికి వారే తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. అది అందుబాటులో ఉన్న చోటైతే ఆ వాక్యం నాకు మాత్రమే కాదు, బల్ల మీద పడుకోవడానికి బిడియపడే ప్రతి స్త్రీకీ పనికొస్తుంది.


వ్యాకరణప్రియ:

భాష గురించి అడిగారు కాబట్టి ఆ వైపు నుంచి రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను, ఆరోగ్య విషయాల అనువాదాలు సరిదిద్దడం నా పని.

ఇంగ్లీషులో ఈ తగువు అంత పదునెక్కడానికి కారణం అక్కడ ‘షి’, ‘హి’ అన్న సర్వనామాలు ప్రతి వాక్యంలోనూ ఎదురుపడడం. మన భాషలో గీత వేరే చోట ఉంది. ఏకవచనంలో ‘ఆమె వచ్చింది’ అంటాం, క్రియ చెట్టుకీ పిట్టకీ వాడే క్రియే, 1858 నాటి బాలవ్యాకరణం కూడా స్త్రీలను మహత్తుల్లో, అంటే పురుషులను చెప్పే మాటల వర్గంలో, చేర్చదు. బహువచనానికి వచ్చేసరికి ఆడా మగా కలిసిపోయి అందరూ ‘వచ్చారు’ అవుతారు. అందువల్ల ‘నెలసరి సరిగా రానివారు’, ‘కడుపుతో ఉన్నవారు’, ‘పాలిస్తున్నవారు’, ‘కాన్పు అయి ఆరు వారాలు నిండనివారు’ అన్న మాటలు ఎవరూ కష్టపడి కట్టినవి కావు, మనం ఇళ్లలో రోజూ అనేవే. వీటిలో ఎవరూ బయట ఉండిపోరు, వినేవారికి తమ స్థితి ఠక్కున తెలుస్తుంది. అక్షరమాల గారు రాసిన ‘ప్రతి వ్యక్తీ’ అన్నది మాత్రం అనువాదపు వాసన కొడుతోంది. తెలుగులో ‘వ్యక్తి’ అనగానే పోలీసు ప్రకటన గుర్తొస్తుంది, ‘గుర్తు తెలియని వ్యక్తి’ అని. ఒంటికి సంబంధించిన మాటల్లో ఆ పదం చల్లగా, దూరంగా ఉంటుంది.

అయితే ఈ సౌలభ్యాన్ని నమ్ముకుని అన్నిచోట్లా ‘వారు’తో సరిపెట్టుకోలేం. స్థితిని బట్టి పిలిచినప్పుడు ‘వారు’ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే కడుపుతో ఉన్న సంగతి ఆ మనిషికి తెలుసు. అవయవాన్ని బట్టి పిలిచినప్పుడు పనిచేయదు, పెద్దమ్మగారు అడిగిన ప్రశ్నే అందుకు సాక్ష్యం. గర్భిణి, బాలింత, చూలాలు అన్న మాటల్లో స్త్రీత్వం కలిసే ఉంది, వాటిని మార్చబోతే భాష విరుగుతుంది. ‘తల్లిపాలు’ సంగతీ అంతే. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిన పాలో చెబుతుంది, డబ్బాపాలతో తేడా చూపుతుంది. ఇంగ్లీషులో రొమ్ము అనే మాటకు బదులు ఛాతీ అనే మాటతో కొత్త పదం కట్టారు. దాన్ని తెలుగులోకి తెస్తే ‘ఛాతీపాలు’ అవుతుంది, అది ఎవరి నోటా పలకదు. బ్రైటన్ పత్రంలో కూడా ఆ మాటను పాత మాట పక్కన చేర్చారే తప్ప తల్లులందరికీ దాన్ని అంటగట్టలేదు.

లెక్కల్లోను, పరిశోధనలోను మరీ జాగ్రత్తగా ఉండాలి. మాతృమరణం అంటే గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిసిన 42 రోజుల లోపు గానీ, ఆ గర్భం వల్లనో దాని చికిత్స వల్లనో సంభవించే స్త్రీ మరణం అని నిర్వచనం. అక్కడ ‘తల్లి’ స్థానంలో ‘కుటుంబం’ అనో ‘తల్లిదండ్రులు’ అనో రాస్తే లెక్క కట్టేది దేనినో తెలియకుండా పోతుంది. 2022 ఫిబ్రవరిలో పలు దేశాల వైద్యులు, పరిశోధకులు కలిసి ప్రచురించిన వ్యాసం గట్టిగా చెప్పింది ఇదే. మరోవైపు చట్టం సంగతి వేరు, అక్కడ ఒక మాట లేకపోతే ఒక మనిషికి హక్కు లేనట్టే. 2020 డిసెంబరు చివర ఆమోదం పొందిన అర్జెంటీనా గర్భస్రావ చట్టం ‘స్త్రీలు, గర్భం దాల్చగల ఇతర జెండర్ గుర్తింపుల వారు’ అని రెండూ కలిపి రాసుకుంది. భారత సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పు ఇంకో దారి తొక్కింది. చట్టంలోని ‘స్త్రీ’ అన్న పదాన్ని కదపకుండా, సురక్షిత గర్భస్రావం అవసరమైన ఇతరులు కూడా ఆ పదం కిందికి వస్తారని వివరించింది. రెండు దారుల్లోనూ ‘స్త్రీ’ నిలిచే ఉందని గమనించండి.


సూటిమాట:

పైన అందరూ ‘స్త్రీ’ పక్కన మరో మాట చేర్చడమే మార్గమంటున్నారు. నేను ఒప్పుకుంటాను, కానీ చేర్చే తీరులో కూడా గాయం ఉంటుంది. ‘స్త్రీలు మరియు ఇతరులు’ అని రాస్తే నీలిరంగు గారు ఆ ‘ఇతరులు’లో పడతారు, అది ఆయనకు గౌరవం కాదు. ‘స్త్రీలు మరియు గర్భాశయ ముఖద్వారం ఉన్న వ్యక్తులు’ అని రాస్తే, మరి స్త్రీలు వ్యక్తులు కారా అని నేను అడుగుతాను. ప్రతి వాక్యంలోనూ రెండింటినీ జోడిస్తూ పోతే చదివేవారు మూడో పేజీకి రారు.

స్త్రీలు తమ గురించి తాము చెప్పుకున్న మాటలను మాత్రం దయచేసి ఎవరూ దిద్దవద్దు. 2021లో అమెరికా పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ, న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ గర్భస్రావ హక్కు గురించి చెప్పిన మాటల్లో ‘స్త్రీ’ ఉన్న చోట ‘వ్యక్తి’ అని మార్చి ప్రచురించింది. ఆమె అప్పటికే కన్నుమూసి ఏడాది అయింది. సంస్థ అధిపతి తర్వాత విచారం వెలిబుచ్చారు. చనిపోయిన మనిషి నోట్లో మాట మార్చడం ఏ కలుపుగోలుతనమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.


అక్షరమాల:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొదటి పేరాను ఇలా తిరగరాశాను, చూడండి:

‘30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ ఈ పరీక్ష చేయించుకోవాలి. గర్భసంచికి కిందివైపు మెడలాంటి భాగం ఉంటుంది, దాన్నే గర్భాశయ ముఖద్వారం అంటారు (పక్కన బొమ్మ చూడండి). అక్కడ వచ్చే క్యాన్సర్‌ను ముందే కనిపెట్టడానికే ఈ పరీక్ష. గర్భసంచి తీయించుకున్నవారు కూడా ఒకసారి వచ్చి, తమకు పరీక్ష అవసరమో కాదో తెలుసుకోవాలి. ట్రాన్స్ పురుషులకూ ఈ క్యాన్సర్ రావచ్చు. మీరు కూడా రండి. ఏ పేరుతో పిలవాలో ముందుగా ఫోనులో చెబితే ఆ పేరుతోనే పిలుస్తాం.’

చివరి వాక్యం నీలిరంగు గారి వల్ల వచ్చింది. అచ్చువేసే ముందే శిబిరంలో కౌంటరు దగ్గర కూర్చునే ఇద్దరితోనూ మాట్లాడాను, గదిలో అందరి ముందూ అంకెలతో పిలుస్తామని, మాట్లాడేటప్పుడు మాత్రం చెప్పిన పేరే వాడతామని వాళ్లే అన్నారు. మిగిలిన పేజీల్లో వ్యాకరణప్రియ గారు చెప్పినట్టు ‘మీరు’, ‘చేయించుకున్నవారు’ అని రాసుకుంటూ పోయాను, ఎక్కడా జంటమాటలు అవసరం రాలేదు. కూజా బొమ్మ నేనే గీశాను, అంత బాగా రాలేదు గానీ మెడ ఎక్కడుందో తెలుస్తోంది.

పెద్దమ్మకు మళ్లీ చదివి వినిపించాను. గర్భసంచి గురించిన వాక్యం దగ్గర ఆపమన్నారు. పన్నెండేళ్ల కిందట ఆవిడకు ఆ ఆపరేషన్ జరిగిందన్న సంగతి నాకు నిన్నటిదాకా తెలియదు. ‘ఇది నాకుందా’ అని ఆవిడ అడిగిన రోజు, మాట అర్థం కాక అడిగారనే అనుకున్నాను. ముఖద్వారం ఉంచారో తీసేశారో ఆవిడకు ఎవరూ చెప్పలేదట. డిశ్చార్జి కాగితం కోసం బీరువా అంతా వెతికాం, దొరకలేదు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో పాత రికార్డు ఉందేమో అడగడానికి సోమవారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.